తొర్రూరు వదినె దగ్గు

సుకన్యకు కోపం వస్తే మాట పెరగదు, పని పెరుగుతుంది. ఇంట్లో కోపమొస్తే తోమిన గిన్నెలే మళ్ళీ తోముతుంది. కాలేజీలో కోపమొస్తే దిద్దిన పేపర్లే మళ్ళీ దిద్దుతుంది. ఈ ఫిబ్రవరి నెలలో ఆమె ఇంట్లో గిన్నెలు మెరిసినట్టు ఏ పండక్కీ మెరవలేదు. దానికి కారణం డేటా మేనేజ్‌మెంట్ ప్లాన్ అనే ఒక వస్తువు.

ఆ వస్తువేమిటో చెప్పేముందు మనిషి గురించి చెప్పాలి. సుకన్య కాశిబుగ్గలో జంపఖానాలు నేసే సారంగపాణి కూతురు. మగ్గం చప్పుడులోనే చదువుకుంది. పీజీ అయింది, పీహెచ్‌డీ కూడా అయింది, కానీ ఉద్యోగం మాత్రం కాంట్రాక్టు దగ్గరే ఆగిపోయింది. హన్మకొండలో ఒక కాలేజీలో సోషల్ వర్క్ పాఠం చెబుతుంది. ఏటా జూన్ వచ్చిందంటే ఉంచుతారో ఊడబీకుతారో అని గుండె చేతిలో పట్టుకుని తిరుగుతుంది. స్టాఫ్ రూములో ఆమెకు కుర్చీ ఉంది గాని బల్ల లేదు. బల్లలు పర్మనెంటు వాళ్ళకే. అందుకని పేపర్లు ఒళ్ళో పెట్టుకుని దిద్దుతుంది. ఎన్నాళ్ళనుంచో అంతే, ఇప్పుడిక ఎవరైనా బల్ల ఇస్తామన్నా అనుమానంగానే చూస్తుందేమో.

అలాంటి మనిషికి ఒక మంచి ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనలు రావడం కూడా ఒక్కోసారి కష్టానికే.

మిర్చి కాలంలో ఎనుమాముల మార్కెట్ యార్డు చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళతో నిండిపోతుంది. రంగు పోయిన తాలుకాయ ఏరడం, తొడిమలు తీయడం, బస్తాలు కుట్టడం, రాలిన కాయ ఊడవడం, అన్నీ వాళ్ళ పనులే. ఆ ఘాటు ముక్కుతో ఆగదు, ఛాతీలోకి దిగుతుంది. రెండు మూడు కాలాలు గడిస్తే దగ్గు పట్టుకుంటుంది, పట్టుకున్నది వదలదు. దగ్గు కన్నా పెద్ద బాధ ఇంకొకటుంది. వాళ్ళలో చాలామంది పనిచేసే, కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో గుమాస్తాకు దగ్గే మనిషి పడదు. సరుకు దగ్గర దగ్గితే కొనేవాడు ముఖం చిట్లిస్తాడట. అందుకని దగ్గిన ఆమెను రేపట్నుంచి రావద్దంటాడు. కాబట్టి ఆడవాళ్ళు దగ్గును దాచుకుంటారు. బెల్లం ముక్క దవడన పెట్టుకుంటారు, కొంగు నోట్లో కుక్కుకుంటారు, మరీ ఆగకపోతే బస్తాల వెనక్కి పోయి దగ్గి వస్తారు. కన్నబిడ్డను దాచినట్టు దగ్గును దాచుకోవడం సుకన్య అంతకుముందు ఎక్కడా వినలేదు.

మొదట విన్నది పూలమ్మ నోట. పూలమ్మది తొర్రూరు దగ్గర పల్లె, అందుకే యార్డులో ఆమె తొర్రూరు వదినె. ఇప్పుడు కాశిబుగ్గలో సుకన్య వాళ్ళకు రెండు సందుల అవతల ఉంటుంది. ఆమే సుకన్యను యార్డుకు తీసుకుపోయి, మన సారంగపాణి బిడ్డే, భయపడకుండ్రి, మాట్లాడుండ్రి అని అందరికీ చెప్పింది. ఆడవాళ్ళు మాట్లాడారు. సుకన్య ఫోన్లో రికార్డు చేసుకుంది. చేసుకునే ముందు ప్రతి ఒక్కరికీ ఒక మాట ఇచ్చింది, మీ పేరు ఎక్కడా బయటికి రాదని. ఆ మాట ఎంత తేలిగ్గా ఇచ్చిందో తర్వాత తలచుకుంటే ఆమెకే ఒళ్ళు మండేది.

అదే సమయంలో ఢిల్లీలో ఒక సంస్థ శ్రామిక మహిళల ఆరోగ్యం మీద పరిశోధనలకు దరఖాస్తులు పిలిచింది. సుకన్య ఎగిరి గంతేసినంత పని చేసింది. ప్రాజెక్టు వస్తే డాక్టర్లను పెట్టి ఆ ఆడవాళ్ళ ఊపిరితిత్తులు పరీక్ష చేయించవచ్చు. ఆ రిపోర్టు పట్టుకుని మాస్కులు, నీళ్ళు, నీడ, వైద్యం అడగవచ్చు. అన్నిటికన్నా ముందు, దగ్గిన మనిషిని పని నుంచి తీసేయకూడదని అడగవచ్చు. ఇక తనకు, రేపు రెగ్యులర్ పోస్టులు పడితే చూపించుకోవడానికి ఒక ప్రాజెక్టు మీద తన పేరుంటుంది. ఇందులో స్వార్థం లేదని ఆమె అనదు. ఉంది. బల్ల లేని మనిషికి ఆ మాత్రం స్వార్థం తప్పు కాదు.

నిబంధనల ప్రకారం కాంట్రాక్టు మనిషి ప్రాజెక్టుకు పెద్దగా ఉండకూడదు. అందుకని డిపార్ట్‌మెంటు హెడ్డు కిషన్ రావు సారు పెద్ద, సుకన్య ఆయన కింద రెండో మనిషి. ఆలోచన ఆమెది, తిరిగింది ఆమె, రాసేది ఆమె, సంతకం ఆయనది. కిషన్ రావు చెడ్డవాడేం కాదు. వచ్చే ఏడు రిటైరవుతాడు. ఇదివరకు పంపిన దరఖాస్తులు తిరిగొచ్చిన మనిషి. పోయేలోపల ఒక్క ప్రాజెక్టయినా తన పేరు మీద పడాలని ఆశ. ప్రిన్సిపాల్‌కు కూడా ఈసారి ఖాయమని చెప్పేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు.

అంతా రాయడం అయిపోయిందనుకున్నాక ఆ వెబ్‌సైట్లో చివరి పేజీ తెరుచుకుంది. డేటా మేనేజ్‌మెంట్ ప్లాన్. మీరు సేకరించేది ఎక్కడ పెడతారు, ఎట్లా పెడతారు, ఎవరు కాపలా, ఒక కాపీ పోతే ఇంకొకటి ఎక్కడుంది, ప్రాజెక్టు అయ్యాక ఎన్నేళ్ళు ఉంచుతారు, లోకమంతా చూసేలా ఎప్పుడు తెరుస్తారు. ఇవీ అడిగేవి. నమూనాగా ఇప్పటికే చేసిన రికార్డులు కొన్ని జతచేయాలి కూడా.

సుకన్య నిజాయితీగా మొదలుపెట్టింది. ఎక్కడ పెడతారంటే, ఇప్పుడున్నది ఫోన్లో, ఒక కాపీ పెన్ డ్రైవ్‌లో, పెన్ డ్రైవ్ ఇంట్లో బీరువాలో, పట్టుచీర మడతలో. కిషన్ రావు అది చదివి నుదురు కొట్టుకున్నాడు. బీరువా అని ఢిల్లీకి రాస్తామా, కాలేజీ సర్వర్ అని రాయమన్నాడు. కాలేజీ సర్వర్ అంటే ప్రిన్సిపాల్ గది పక్కన చిన్న గదిలో ఉన్న ఒక కంప్యూటరు. ఏసీ పాడైందని దాన్ని మధ్యాహ్నాలు ఆపేస్తారు. వానాకాలంలో అటెండరు గొడుగు దాని మీదే ఆరేస్తాడు. దానికన్నా తన బీరువాకే తాళం గట్టిదని సుకన్యకు తెలుసు. అయినా సర్వర్ అనే రాసింది. రాసిన ప్రతి ముక్కకూ వెబ్‌సైటు ఇన్ని అక్షరాలు దాటకూడదంటుంది. తగ్గిస్తే వివరంగా లేదంటుంది. సేవ్ చేయబోతే మొదటి పేజీకి తోసేస్తుంది. ముందరికి పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. ఆ సాయంత్రం ఇంట్లో ఇడ్లీ పాత్రకు మూడిందన్నమాట.

ఇవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది లోకానికి తెరవడం గురించిన ప్రశ్న. రికార్డులన్నీ అందరికీ తెరిచి పెడతామని ఒప్పుకుంటే మార్కులు ఎక్కువ. ఎవరైనా, ఎక్కడినుంచైనా లింకు నొక్కి వినవచ్చు. తెరవబోమంటే కారణం రాయాలి, మార్కులు తగ్గొచ్చు. కిషన్ రావుకు అనుమానమే లేదు. తెరుస్తామని పెట్టు, పేర్లు తీసెయ్యి, అంతేగా అన్నాడు. సుకన్యకూ ఆ పూట అంతేగా అనిపించింది.

సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎక్కడ పేరు వినబడితే అక్కడ కత్తిరిద్దామని మొదలుపెట్టింది. ఒక రికార్డు అయింది. రెండోదీ అయింది. తీసేయడానికి ఒక్క పేరూ దొరకలేదు.

మనదేమన్నా పేరు పెట్టి పిలుచుకునే దేశమా? యార్డులో పెద్దామెను పేరుతో పిలిస్తే మర్యాద తెలియని పిల్ల అంటారు. తొర్రూరు వదినె, సంచులు కుట్టే అక్క, నడిపామె, చాయ్ ఖాజా అన్న, గుమాస్తా బావ, ఇవే అక్కడి పిలుపులు. వాళ్ళ అసలు పేర్లు ఆధార్ కార్డుకు తప్ప ఎవరికీ అక్కర్లేదు. పక్కపక్కన కూర్చుని కాయ ఏరే ఇద్దరికి ఒకరి పేరు ఒకరికి తెలియకపోవచ్చు. కానీ తొర్రూరు వదినె అంటే ఆ దుకాణంలోనే కాదు, ఆ వరసలో ఉన్న దుకాణాలన్నిటికీ తెలుసు. మీ పేరు బయటికి రాదని తాను ఇచ్చిన మాట ఉత్త మాట అని అప్పుడు తెలిసొచ్చింది సుకన్యకు. పేరు అసలు లోపలే లేదు, బయటికి రాకపోవడమేమిటి.

పిలుపులు కూడా తీసేసింది. వదినె అన్నచోట, అక్క అన్నచోట, ఊరి పేరు వచ్చినచోట టింగుమని ఒక చప్పుడు పెట్టింది. మెడ పట్టేసింది, కళ్ళు మండాయి. పక్క గదిలో మగ్గం మీదున్న తండ్రి వచ్చి, ఏందే బిడ్డా, పొద్దటిసంది గంట కొడతానవ్ అని అడిగి పోయాడు. అయినా మనసు నిలవలేదు. ఇంత చేశాక మనిషి తెలుస్తుందా తెలియదా అని ఎవరిచేతనైనా పరీక్ష చేయిస్తే తప్ప తేలదనుకుంది. అక్కడే ఆమె కాలు జారింది.

మర్నాడు యార్డు గేటు దగ్గర ఖాజా పాషా చాయ్ బండి దగ్గరికి పోయింది. ఖాజా పాషాకు అందరూ కావలసినవాళ్ళే, ఎవరి గుట్టూ ఎవరికీ మోయడు. అందుకే ఆయన్ని ఎంచుకుంది. రికార్డుల్లో ఏ హానీ లేని ముక్కను వెతికి పెట్టుకుంది. పొద్దున లేచి ఏం వండుతానో, టిఫిన్ డబ్బా ఎట్లా కట్టుకుంటానో ఒకామె చెప్పే ముక్క. మధ్యలో ఒకసారి తెరలు తెరలుగా దగ్గుంది. దగ్గే కదా అని ఉంచేసింది.

ఖాజా పాషా ఫోను చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నాడు. ఆయన ముఖం విచ్చుకుంది.

"మా తొర్రూరు వదినె గద చెల్లె. మాట మాటకు అవ్వయ్యా అనుడు ఆమెదే," అన్నాడు. అంతలోనే ముఖం మారింది. "గింత దగ్గుతాందా? దినాం చాయ్ తాగుతది గని ఒక్కనాడు దగ్గంగ చూడలే."

సుకన్య చప్పున ఫోను లాక్కుంది. అన్నా, ఈ సంగతి ఎవరికీ అనొద్దని బతిమాలింది. తోబా, నేనెవలికి చెప్త, జర కూడ ఫికర్ చెయ్యకు అని ఆయన మాటిచ్చాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఎవరికీ చెప్పలేదు. కాకపోతే మనసున్న మనిషి, ఊరుకోలేకపోయాడు. తెల్లారి పూలమ్మ చాయ్ కోసం వస్తే, అందరికీ మామూలు చాయ్ పోసి ఆమెకు మాత్రం అల్లం, మిరియాలు దంచి వేరుగా కాచి ఇచ్చాడు. నీకు మంచిది వదినె, ఛాతీకి హాయిగుంటది అన్నాడు. పదిమంది మధ్యలో అన్నాడు.

మధ్యాహ్నం సుకన్య క్లాసు నుంచి బయటికి వస్తుంటే ఫోను మోగింది.

"బిడ్డా, ఖాజా అన్నకు నా దగ్గు సంగతి ఎట్ల ఎరుకైంది?"

అబద్ధం చెప్పడానికి నోటి దాకా రెండు మూడు వచ్చాయి. చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. అవతల యార్డులో లారీ హారన్ వినబడుతోంది.

"గుమాస్తా జర దూరముండె గాబట్టి సరిపాయె," అని పూలమ్మ ఫోను పెట్టేసింది.

తిట్టి ఉంటే బాగుండేది. సుకన్య వరండాలో గోడకు ఆనుకుని నిలబడిపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది. దాచగలనో లేదో చూద్దామని బయలుదేరి, తనే బయటపెట్టింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇక్కడ చాయ్ బండి మనిషి ఒక్క ఊతపదంతో పోల్చుకున్నాడు. రేపు లోకమంతటికీ తెరిచిపెడితే ఆ లింకు గుమాస్తా ఫోన్లోకి రావడానికి ఎంతసేపు? ఎవరో కుర్రాడు వాట్సాప్‌లో పెడితే చాలు. మిర్చి మీద పడి బతికే పది పదిహేను ఇళ్ళ పొయ్యి ఆరిపోతుంది.

ఆమె ఆ పేజీ అంతా చెరిపి కొత్తగా రాసింది. రికార్డులు ఎవరికీ తెరవం. వాటి సారం మాత్రమే రాతలో ఇస్తాం, అదీ ఒక్కొక్కరికీ చదివి వినిపించి, సరేనన్నాకే. గొంతును దాచడం ఇక్కడ కుదరదు, ఎందుకంటే ఇక్కడ మనిషికి గుర్తు పేరు కాదు. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆ పేజీలో ఒక నిజం రాశానని ఆమెకు అనిపించింది. రాతకు కాస్త పొగరు కూడా వచ్చింది, అది పోనీ.

దరఖాస్తుకు ఆఖరి రోజు. సాయంత్రం అయిదింటికి వెబ్‌సైటు మూతపడుతుంది. కిషన్ రావు తన గదిలో కంప్యూటరు ముందు కూర్చుని సుకన్య రాసింది చదివాడు. చదివి, దాన్ని తీసేసి, తెరుస్తామన్న చోట టిక్కు పెట్టాడు. మూడు కొట్టింది గదమ్మా, ఇప్పుడు ఢిల్లీకి నీతులు చెప్తే మార్కులు పోతయి, నమూనా జతచేద్దాం, పెన్ డ్రైవ్ ఇయ్యమని చెయ్యి చాపాడు.

పెన్ డ్రైవ్ సుకన్య హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. బ్యాగు జిప్పు మీద చెయ్యి పెట్టింది, తీయలేదు.

"మూసి ఉంచుతమని రాస్తెనే ఇస్త సార్."

"పిచ్చి మాటలు మాట్లాడకు. ఢిల్లీల కూసున్నోనికి తొర్రూరు ఏడుందో ఎరుకనా?"

"ఢిల్లీ ఆయనకు తెల్వది సార్. గుమాస్తాకు తెలుస్తది. లింకు అందరికి తెరుచుకుంటదని మనమే రాస్తానం గద."

కిషన్ రావు కుర్చీలో వెనక్కి వాలాడు. ముందు మంచిగా చెప్పాడు. ప్రాజెక్టు వచ్చాక మెల్లగా ఏదో సర్దుకోవచ్చన్నాడు. ముందు రానియ్యి అన్నాడు. ఆ మాటకు సుకన్య ఊగిపోయిన మాట నిజం. వచ్చాక ఎవరికి గుర్తుంటుంది, ఏదో ఒక వంక చెప్పి ఆపుకోవచ్చు. మాస్కులొస్తాయి, డాక్టర్లొస్తారు, తన పేరుంటుంది. చెయ్యి జిప్పును సగం దాకా లాగింది కూడా. కానీ ఏమీ కాదులే అన్న ఇలాంటి మాటే, పేరు బయటికి రాదని, తాను యార్డులో కూర్చుని ఆడవాళ్ళకు చెప్పింది. అది ఏమైందో మొన్న ఫోన్లో విన్నది. జిప్పు మూసేసింది.

తర్వాత కిషన్ రావు మంచిగా చెప్పలేదు. వచ్చే జూన్‌లో నీ రెన్యువల్ కాగితం మీద సంతకం పెట్టేది ఎవరో మర్చిపోయినట్టున్నావన్నాడు. సుకన్య మర్చిపోలేదు. ఆమె అది మర్చిపోయిన రోజు లేదు. నమూనా లేకుండా పంపబోతే వెబ్‌సైటు ఒప్పుకోలేదు, ఎర్ర అక్షరాల్లో కాదంది. ఇద్దరూ ఆ ఎర్ర అక్షరాల ముందు కూర్చున్నారు. ఆయన ఇంకోసారి అడిగాడు, ఆమె ఇంకోసారి తల అడ్డంగా ఊపింది. అయిదయ్యాక ఆ పేజీ తనంతట తనే మూసుకుంది. కిషన్ రావు కంప్యూటరు ఆపి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, మల్ల నాకు చాన్సు లేదమ్మా అన్నాడు. అందులో కోపం కన్నా దిగులు ఎక్కువుంది. సుకన్యకు ఆయన మీద జాలి, కోపం ఒకేసారి వచ్చాయి, రెండిటితోనూ ఏం చేయాలో తెలియలేదు.

ఆ రాత్రి ఆమె గిన్నెలు ముట్టుకోలేదు.

తెల్లారి యార్డుకు పోయింది. పోతూ పోతూ మనసులో ఏవేవో పేర్చుకుంది. తప్పు ఒప్పుకోవాలి, క్షమించమనాలి, మీ గొంతు ఎవరి చేతికీ పోనివ్వలేదని చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, పూలమ్మ మెచ్చుకుంటుందన్న ఆశ కూడా లోపల ఎక్కడో ఉంది. ఉద్యోగం పణంగా పెట్టి వచ్చిన మనిషికి ఆ మాత్రం ఉండదా.

పూలమ్మ కాయ రాశి పక్కన కూర్చుని తాలు ఏరుతోంది. చుట్టూ మిగతా ఆడవాళ్ళు. గుమాస్తా అవతల కాంటా దగ్గరున్నాడు. సుకన్య ఆమె పక్కన చతికిలబడి గొంతు తగ్గించి అంతా చెప్పింది. ఖాజా భాయ్ దగ్గర చేసిన తప్పు చెప్పింది, కిషన్ రావు సారు పెట్టిన టిక్కు చెప్పింది, తాను పెన్ డ్రైవ్ ఇవ్వనిది చెప్పింది, దరఖాస్తు పోనిది చెప్పింది. మీ మాటలు నా దగ్గరే ఉన్నాయి పెద్దమ్మా, ఇక ఎవరికీ తెలియవు అంది.

పూలమ్మ వింటూనే కాయ ఏరింది. మెచ్చుకోలేదు, కోప్పడనూ లేదు.

"అంటే డాక్టర్లు రారా?" అని అడిగింది.

"రారు పెద్దమ్మా."

"మేం చెప్పింది ఇగ ఎవలు వినరా?"

"నేను విన్న గద పెద్దమ్మా."

పూలమ్మ చేతులు ఆగాయి. తలెత్తి సుకన్యను చూసింది. ఆ చూపులో ఎత్తిపొడుపు లేదు, తెలియక అడిగే మనిషి చూపే అది.

"నువ్వింటె ఏమైతది బిడ్డా?"

 చుట్టూ ఉన్నవాళ్ళు కూడా ఏరడం ఆపి, ఏం చెబుతుందోనని సుకన్య వైపే చూస్తున్నారు.